మంద కట్టిన చేను

పోయిన వారం లింగప్పను రాయచెర్లు చెరువు కింద, ఓబులేశు చేని గట్టు మీద నిలబెట్టి వదిలేశాం. అతను ఇంకా అక్కడే ఉన్నాడు. కదలబుద్ధి కాలేదు.

ఎందుకు నిలబడ్డాడో మరచినవాళ్ళకు నాలుగు మాటలు. లింగప్పది మంగళవాడ. అతనికి మిగిలింది ఊరికి ఉత్తరాన ఒక మెట్ట చేను. చుట్టుపక్కల వాళ్ళంతా తమ భూములను కొత్త సోలార్ కంపెనీకి కౌలుకిస్తామని ఒప్పుకున్నా, ఏడాది పాటు కాదన్నవాడు అతనొక్కడే. కంపెనీ తరఫున ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఒప్పించింది ఓబులేశు. పరాయివాడు కాదు, లింగప్పకు బావమరిది, చనిపోయిన భార్య రామాంజినమ్మకు సొంత తమ్ముడు. ఆ చేనులో రాళ్ళు తప్ప ఏముందని ఓబులేశు అన్నాడు. కొడుకు నాగరాజ అన్నాడు. కోడలు నయన రోజూ సంగటి పెడుతూ అంది. చివరికి విసిగిపోయి లింగప్ప సరేనన్నాడు. రేపు పొద్దున పావగడలో సంతకం. పెడితే ఇరవై ఎనిమిదేళ్ళ వరకు ఆ చేనులో అడుగు పెట్టడానికి లేదు. లింగప్పకు అరవై దాటి చాలా కాలమైంది. ఇరవై ఎనిమిదేళ్ళంటే అతనికి ఇక ఎప్పటికీ లేదని అర్థం.

ఆ సంగతి మాట్లాడదామనే మధ్యాహ్నం ఓబులేశు ఇంటికి బయలుదేరాడు. దారిలో టీవీఎస్ ఆపి బావమరిది చేను వైపు చూశాడు.

చేనంతా గొర్రె పెంటికలు. ఒక మూల ఎండి తేలిపోయాయి, ఇంకో మూల నల్లగా, తడిగా ఉన్నాయి. మట్టి నిండా గిట్టల గుర్తులు. వల కట్టిన గుంజల గుంతలు చేను ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతూ పోయాయి. ముంగారు తొలకరి వాన కోసం కాచుకున్న చేను ఎలా ఉండాలో అలా ఉంది.

ఇంకెవరూ చెప్పనక్కరలేదు. ఇది మంద కట్టిన చేను. గొర్రెల కాపరిని పిలిచి, రాత్రిళ్ళు మందను చేనులో పడుకోబెట్టి, రోజుకింత జాగా చొప్పున వల జరిపిస్తూ, చేనంతటికీ ఎరువు పట్టించిన పని. ఊరికే ఎవరూ చెయ్యరు. పిలిచినవాడు కాపరికి ధాన్యం కొలవాలి. మంద ఉన్నన్నాళ్ళూ అతని ఇంటి నుంచే కాపరికి సంగటి పోవాలి. ఒకసారి కట్టిస్తే ఆ సత్తువ మూడు పంటల దాకా భూమిలో నిలుస్తుంది. అంటే మంద కట్టించినవాడి చూపు మూడేళ్ళ అవతల ఉందన్నమాట.

ఇక్కడి భూమి చచ్చిపోయింది, కంపెనీకి ఇచ్చేయండని ఊళ్ళు తిరిగి చెప్పేవాడు తన భూమికి మాత్రం ఎరువు పట్టించుకుంటున్నాడు.

లింగప్ప బండి స్టార్ట్ చేశాడు. రెండుసార్లు తన్నితే గాని కదల్లేదు.

రాయచెర్లు అతనికి అత్తగారి ఊరు. పెళ్ళైన కొత్తలో వచ్చినప్పుడు అన్నీ మట్టి మిద్దెలు. కల్లాల నిండా శనక్కాయ కుప్పలు. ఇప్పుడు మిద్దెలు పోయి, గోడలకు టైల్స్ అతికించిన మేడలు లేచాయి. టైల్స్ మీద నెమళ్ళు, గేట్లకు బంగారు రంగు. కౌలు చేతికొచ్చిన ఏడాది కట్టినవి కొన్ని. చెయ్యి ఖాళీ అయ్యి మెట్లు గాలిలో ఆగిపోయినవి కొన్ని. కాడెద్దులు లేవు. ఎద్దులను కట్టేసిన రాళ్ళకు బైకులు ఆనించి ఉన్నాయి. పనికొచ్చే ఈడు వాళ్ళు బెంగళూరులో ఉన్నారు. మిగిలినవాళ్ళు అరుగు మీద కూర్చుని ఎవరి బండి ఎవరింటి ముందు ఆగుతుందో చూస్తారు. ఊరు పెరిగిందని పంచాయితీలో అంటారు. ఇళ్ళు పెరిగాయి. ఊరు పెరిగిందంటే లింగప్ప ఒప్పుకోడు.

అరుగు మీద వాళ్ళు లింగప్ప బండినీ చూశారు. ఎవరూ పలకరించలేదు.

ఓబులేశు వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా మారన్న టీ తాగుతున్నాడు. మారన్నదీ మంగళవాడే. వల్లూరుకు షేర్ ఆటో నడుపుతాడు. అక్కడి సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళను పొద్దున తీసుకుపోయి, పని అయ్యాక దింపుతాడు. రామాంజినమ్మ బతికున్నప్పుడు ఆమె కూడా అతని ఆటోలోనే పనికి పోయేది. అతనికీ కొంచెం చేను ఉంది. రేపు అతనిదీ సంతకమే.

"రా బావా," అన్నాడు ఓబులేశు. "రేపు పెట్టాల్సిన సంతకానికి ఈ పొద్దే వచ్చినావే. ఇన్నాళ్ళూ రానన్నోడివి, ఇప్పుడు ఆగలేకుండావా?"

"నీ చేనుకాడ నుంచి వస్తాండా."

"ఏ చేను?"

"నీకెన్ని చేన్లుండాయిరా? చెరువు కింద చేను."

ఓబులేశు కుర్చీలో కొంచెం సర్దుకున్నాడు. లోపలికి తిరిగి టీ తెమ్మని కేకేశాడు. లోపలి నుంచి పలుకు రాలేదు. ఇంట్లో ఎవరూ లేరని లింగప్పకు అర్థమైంది. ఎవరూ లేని ఇంట్లో టీ ఎవరిని అడిగాడో మాత్రం అర్థం కాలేదు.

"మంద ఎవరు కట్టించినారు?" అని అడిగాడు.

"ఏం మంద?"

"గొర్రెల మందప్పా. ఏనుగుల మందైతే నీ కంట్లో పడిండేది."

మారన్న టీ గుటక మింగలేక నవ్వాడు. ఓబులేశు నవ్వలేదు.

"గొర్రెలోళ్ళు దావన పోతా పోతా ఆపుకొనింటారు బావా. వాళ్ళకు మాత్రం జాగా యాడుండాది? ఎటు పోయినా కంచె తగులుతాది."

"దావన పోయేటోడు ఒక రాత్రి ఆపుతాడు, తెల్లారి పోతాడు. ఈడ వల జరిపినారు. ఈ మూల నుంచి ఆ మూలకు, యాడా జాగా ఇడిచిపెట్టకుండా జరిపినారు. అది సంగటి తిని చేసిన పని. నాకు చెప్తావా?"

మారన్న గ్లాసు కింద పెట్టాడు. "ఏం ఓబులేశా, మా చేన్లలో ముల్లు గూడా మొలవదంటివి గదా. నీ చేనుకు ఎరువేసుకుంటాండావా? మాకు తెలీకుండా నీకు తెలిసింది ఏంది? చెరువుకు నీళ్ళు ఇడుస్తారా ఏంది?"

"నువ్వుండప్పా మారన్నా. టీ తాగు."

"తాగినా. గ్లాసు ఖాళీ."

ఓబులేశు లేచి వసారా చివర దాకా పోయి వచ్చాడు. పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్ల చొక్కా ఇప్పుడు రోజూ వేస్తున్నాడు. ఆఫీసర్లతో తిరిగినప్పటి నుంచి నడకలో కూడా తేడా వచ్చింది. ఈ క్షణం మాత్రం మళ్ళీ పాత ఓబులేశులాగా ఉన్నాడు. చిన్నప్పుడు అక్క ఇంటికి వచ్చి, పెరట్లో బొప్పాయి కోసి, కోయలేదని చెప్పిన ఓబులేశు.

"ఆ చేను నాది కాదు బావా," అన్నాడు.

"ఎవరిది?"

"అమ్మినా."

"ఎవరికి?"

ఓబులేశు నోరు తెరిచే ముందు అతని కళ్ళు గోడ మీదికి పోయాయి. గోడకు పావగడ అంగడి వాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. లింగప్ప ఆ చూపు పట్టుకున్నాడు.

"పట్టాభి శెట్టికి," అన్నాడు ఓబులేశు.

"క్యాలెండరు చూసి చెప్పినావే. అమ్మిన చేను ఎవరిదో మర్చిపోయినావా?"

"నీకు నమ్మకం లేకపోతే నేనేం చేయాల?"

"ఎప్పుడమ్మినావు?"

"మూడేండ్లయింది."

"అంటే మీ అక్క బతికుండగానే. ఆమెకు తెలుసా?"

"తెలుసు."

"నాకు చెప్పలేదే."

ఓబులేశు అతని వైపు నేరుగా చూశాడు. వచ్చినప్పటి నుంచి అంత సూటిగా చూడటం అదే మొదలు. "అక్క నీకన్నీ చెప్తాండెనా బావా?"

లింగప్పకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. చేనులో ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేయించి, ప్రతిదానిలో దుమ్ము లేచిన ఏడాది, రామాంజినమ్మ చెప్పకుండా వల్లూరులో ప్యానెళ్ళు కడిగే పనిలో చేరింది. చేరాక చెప్పింది. జీతం ఏమవుతోందని ఒకసారి అడిగితే ఇంటికేనంది. ఆ జీతం ఇంట్లో ఎక్కడా కనపడలేదు. కొత్త పాత్ర రాలేదు, కొత్త చీర రాలేదు. అతను రెండోసారి అడగలేదు. అడగకుండా మనసులో పెట్టుకున్నాడు. ఆమె పోయినా అది పోలేదు.

"మీ అక్క పేరు ఎత్తొద్దు," అని లేచాడు.

ఓబులేశు వెనకే వచ్చాడు. "బావా, నా మీద కోపముంటే నన్ను రెండు దెబ్బలు కొట్టు. సంతకం మాత్రం ఆపొద్దు. నీ మంచికే చెప్తాండా."

"నా మంచి నీకెప్పటి నుంచి పట్టింది?"

ఓబులేశు ఏదో అనబోయాడు. వెనక మారన్న కుర్చీ జరిపిన చప్పుడైంది. ఓబులేశు నోరు మూసుకున్నాడు.

లింగప్ప బండి దగ్గరికి వచ్చేసరికి మారన్న కూడా వచ్చాడు. హ్యాండిల్ మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు.

"లింగన్నా, నువ్వు చెప్పిందాంట్లో విషయముండాది. మనల్ని ముంచి తాను బాగుపడతాండాడు. నువ్వు రేపు సంతకం పెట్టొద్దు. నువ్వు పెట్టకుంటే నేనూ పెట్టను. నీతో నేనుండాను."

ఏడాదిగా అందరూ పెట్టు పెట్టు అన్నవాళ్ళే. పెట్టొద్దని ఒక మనిషి అనడం లింగప్పకు ఎండలో మజ్జిగలాగా ఉంది. తల ఊపి బయలుదేరాడు.

ఇంటికి పోలేదు. మళ్ళీ చెరువు కిందికి పోయాడు.

పట్టాభి శెట్టి పేరు అతనికి మింగుడు పడలేదు. శెట్టి పావగడ బజారులో బెల్లం, చింతపండు అమ్మే మనిషి. చేను కొంటే సైట్లు వేసి అమ్ముకుంటాడు. పట్టణం ఆ వైపు నుంచి అలాగే పెరుగుతూ వస్తోంది, రాళ్ళు పాతి, రాళ్ళకు సున్నం కొట్టి. మంద కట్టించే శెట్టిని లింగప్ప ఇంతవరకు చూడలేదు. అబద్ధమైతే ఒక్కచోట దొరుకుతుంది. చేను ఎవరిదైతే వాళ్ళింటి నుంచే కాపరికి తిండి రావాలి. ఆ పద్ధతి ఎవరూ తప్పరు. తప్పితే కాపరి మరుసటి రోజు మంద లేపుకుని పోతాడు. లింగప్ప వచ్చేసరికే గట్టు రాయి మీద మూత పెట్టిన గిన్నె ఉంది, పెట్టినవాళ్ళు లేరు.

పొద్దు వాలుతుండగా మంద తిరిగి వచ్చింది. ముందు దుమ్ము, తర్వాత గంటలు, ఆ తర్వాత కాపరి. మడకశిర పక్క నుంచి వచ్చిన మనిషి, పేరు కొల్లప్ప. భుజాన కంబళి, చేతిలో దోటి. చెరువు కట్ట అవతల కంచె, కంచె లోపల కనుచూపు ఆగేదాకా ప్యానెళ్ళు. వాటి మీద ఎర్ర వెలుతురు పడుతుంటే కొల్లప్ప అటు వీపు తిప్పుకుని కూర్చున్నాడు.

"చూడబుద్ధి కాదప్పా," అన్నాడు. "మా నాయన కాలంలో ఈ దావన నేరుగా పోతాంటిమి. ఇప్పుడు సుట్టు తిరిగి సుట్టు తిరిగి, గొర్రెలకు కాళ్ళు అరిగిపోతాండాయి. అరిగిన కాళ్ళకు సంతలో రేటు గూడా రాదు."

"ఈ చేను ఎవరిది కొల్లప్పా?"

"నాకేం ఎరిక. పిలిచినారు, వచ్చినా."

"పిలిచింది ఎవరు?"

"తెల్ల చొక్కా ఆయప్ప. ఓబులేశంట. ఆయప్పే ధాన్యం కొలతా మాట్లాడినాడు. చేను నాది కాదు, మావాళ్ళదని చెప్పినాడు."

మావాళ్ళది. శెట్టి ఎప్పటి నుంచి మావాడయ్యాడు?

"తిండి యాడ నుంచి వస్తాది?"

"స్కూటీ మీద ఒగామె తెస్తాది. మొగానికి గుడ్డ కట్టుకొనింటాది, ఈ ప్యానెళ్ళు కడిగేటోళ్ళ మాదిరి. ఆ రాయి మీద పెట్టేసి పోతాది. నేను మంద తోలుకొచ్చే లోపలే పెట్టేసి పోతాది. ఒగసారి ఎదురైతే అన్నా, తిన్నాక గిన్నె కడిగి పెట్టన్నా అనింది. మంచి పిల్ల."

"శెట్టి ఇంటి నుంచా?"

కొల్లప్ప పెద్దగా నవ్వాడు. "శెట్టోళ్ళు నాకు సంగటి కెలికి పంపుతారా? వాళ్ళు పంపితే పులిహోరే పంపుతారు, అదీ ఇస్తరాకులో చెంచాడు. ఇది సంగటి తినే ఇంటి సంగటే. కూర్చో, ఇద్దరం తిందాం. తిండి కాడికి వచ్చిన మనిషిని ఊరికే పంపకూడదు."

లింగప్పకు ఆకలి లేదు. అయినా కూర్చున్నాడు. కొల్లప్ప ముద్దను చెయ్యి తడుపుకుని రెండుగా చీల్చి, ఒక సగం మూతలో పెట్టాడు. పక్కన ఊరుబిండి వేశాడు. లింగప్ప సంగటి తుంచి, అద్దుకుని, నోట్లో పెట్టుకున్నాడు.

మింగలేదు.

ఊరుబిండి ఈ సీమలో ప్రతి ఇంట్లో నూరతారు. వేయించిన వేరుశనగ విత్తులు, మిరపకాయలు, చింతపండు, ఉప్పు. ఎవరింటిదైనా కొంచెం అటూ ఇటుగా అదే రుచి. ఒక్క ఇంట్లో తప్ప. శనక్కాయ పూర్తిగా ఎండిపోయిన ఒక ఏడాది విత్తులు చాలక రామాంజినమ్మ దోరగా వేయించిన ఉలవలు కలిపి నూరింది. మరుసటి ఏడాది కాయ పండినా ఉలవలు మానలేదు. ఎద్దుల తిండి మొగునికి పెడుతోందని ఇరుగుపొరుగు నవ్వారు. నవ్వనీ, నాకు ఇదే బాగుందని లింగప్ప అన్నాడు. భార్యను అతను నలుగురిలో వెనకేసుకొచ్చిన సందర్భాలు ఎక్కువ లేవు. అది ఒకటి.

ఇప్పుడు పంటి కింద ఉలవ పలికింది.

రామాంజినమ్మ లేదు. ఆ రుచి తెలిసిన చెయ్యి ఇంకొక్కటే ఉంది. ఆమె దగ్గర రోలు ముందు కూర్చుని నేర్చుకున్న చెయ్యి. వల్లూరులో ప్యానెళ్ళు కడిగే పనికి స్కూటీ మీద పోయే చెయ్యి.

"ఏమప్పా, కారమా?" అన్నాడు కొల్లప్ప. "నాకూ ఈ పొద్దు కారం ఎక్కువనిపిస్తాండాది."

"ఊఁ," అన్నాడు లింగప్ప. నోట్లోది అప్పుడు మింగాడు.

మంగళవాడ దాకా టీవీఎస్ మీద అతనికి దారి కనపడలేదు. పొద్దున ఇంట్లో ఉలవలు వేయించిన వాసన గుర్తొచ్చింది. ఇన్ని ఎందుకమ్మా అంటే, నాగరాజతో పాటు సెక్యూరిటీ డ్యూటీ చేసేవాళ్ళు అడుగుతున్నారు మామా అని నయన అంది. తడబడకుండా అంది. రోజూ సంగటి పెడుతూ, ఆ రాళ్ళ చేను ఇచ్చేయి మామా, నీ వయసుకు ఇంక కష్టమెందుకు అని అన్న గొంతూ అదే. ముందు ఒకడి చేను ఊడ్చుకుపోయి, తర్వాత వాడి మీదే జాలి చూపించడం. ఓబులేశు ఒక్కడే దొంగ అనుకున్నాడు. దొంగకు సద్దిమూట తన ఇంట్లోనే కడుతున్నారు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. నాగరాజ డ్యూటీలో ఉన్నాడు. నయన స్కూటీ వాకిట్లో ఉంది. లింగప్ప దాని చక్రాల వైపు చూశాడు. చక్రాల మట్టి మంగళవాడ ఎర్ర మట్టి కాదు. చెరువు కింది నల్లరేగడి.

కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. నయన పళ్ళెం పెట్టింది. ముద్ద పెట్టింది. పక్కన ఊరుబిండి.

"రేపు తొందరగా పోవాల మామా. ఓబులేశు మామ కారు తెస్తాడంట."

"ఫోన్ చేసినాడా?"

"సాయంత్రం చేసినాడు."

"ఇంకేం చెప్పినాడు?"

"ఇంకేముండాది చెప్పేదానికి. తొందరగా లెయ్యమన్నాడు."

లింగప్ప సంగటి తుంచాడు. అద్దుకున్నాడు. మింగాడు. నెయ్యి వెయ్యనా మామా అని నయన గరిటె తీసింది.

"ఈ పొద్దు కారం ఎక్కువైంది," అన్నాడు.

"అట్లనా మామా?"

"నాకు బాగానే ఉండాది. కొల్లప్పకే ఎక్కువైందంట."

గరిటె గాలిలో ఆగింది. నెయ్యి చుక్క ఒకటి పళ్ళెం అంచున పడింది.

కొల్లప్ప ఎవరని ఆమె అడగలేదు. అడిగుంటే లింగప్ప ఇంకో పూట ఆలోచించేవాడేమో. ఆమె అడగకపోవడంతోనే అంతా తేలిపోయింది.

నయన నెయ్యి గిన్నె మూత పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తిను మామా. తిన్నాక చెప్తా."

"చెప్పు. తినేది తర్వాత చూస్తా."

"తింటేనే చెప్తా."

"నాతో బేరమాడొద్దు నయనా. చేను ఎవరిది?"

"నాది కాదు."

"నా కొడుకుదా?"

"ఆయనకు ఈ సంగతే తెల్దు."

"శెట్టిదా?"

"ఏ శెట్టి?" అంది నయన. ఆమె ఆశ్చర్యం నిజమైనదేనని లింగప్పకు అనిపించింది. నమ్మడం మాత్రం వాయిదా వేశాడు.

"ఎవరిదని అడుగుతాండా."

నయన తల దించుకుంది. "అత్తది."

బయట ఎవరి ఇంట్లోనో టీవీ మోగుతోంది. లింగప్ప వేలికి అంటిన ఊరుబిండిని పళ్ళెం అంచుకు రాశాడు.

"చచ్చిపోయిన మనిషికి చేనేంది?"

"బతికున్నప్పుడే కొనింది మామా. సోలార్‌లో కడిగిన జీతమంతా తమ్ముని చేతిలో పోసింది. పహణి కాగితం ఇంకా ఓబులేశు మామ పేరు మీదే ఉండాది, మాట మాత్రం అత్తది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పింది. మీ మామ ఆ మెట్ట చేనును వదలడు, బోర్లు వేసి వేసి దాంట్లోనే పడి పోతాడు. చెరువు కింద చేనైతే తడి ఉంటాది, ముసలితనంలో గూడా చేసుకోగలడు. ఆయన సంతకం పెట్టే ముందు మంద కట్టించు, సంతకం పెట్టినాక చేతిలో పెట్టు అనింది."

"నాకు చెప్పొద్దనిందా?"

"సంతకం పెట్టేదాకా చెప్పొద్దనింది. చెప్తే రెండూ నావే అంటాడు, ఆ చేను మీద అప్పు తెచ్చి ఈ చేనులో బోరు వేస్తాడు అనింది."

లింగప్ప ముద్ద వైపు చూశాడు. తన సొంత మనిషి తనను ఇంత బాగా చదువుకుంది. చదువుకుని, తమ్మునికి చెప్పింది, కోడలికి చెప్పింది. తనకు చెప్పలేదు. పోయేదాకా ఒకే ఇంట్లో, ఒకే కుండ నీళ్ళు తాగుతూ, ఆమె చెరువు కింద చేనును కొంగున ముడి వేసుకుని తిరిగింది. ఆ ముడి ఎక్కడుందో అతనొక్కడికే తెలియదు. కృతజ్ఞత అనేది ఎక్కడైనా పుడుతుందేమోనని లోపల వెతికాడు. దొరకలేదు.

"పెట్టకుంటే?" అని అడిగాడు.

"ఏంది మామా?"

"సంతకం నేను పెట్టకుంటే? అంత దూరం ఆలోచించిన మనిషి దానికి గూడా ఏదో చెప్పే ఉంటాది."

నయన లేచింది. పొయ్యి దగ్గరికి పోయి, ఆరిపోయిన పొయ్యిలో కట్టె సర్దింది.

"చెప్పమ్మా."

"పెట్టకుంటే ఆ చేను నీకు ఇయ్యొద్దనింది. ఎవరికియ్యాలో వాళ్ళకూ చెప్పే పోయింది."

"ఎవరికియ్యమనింది?"

"మామా, పెడతావు గదా. పెడితే ఆ మాటతో పనేముండాది."

"ఎవరికి?"

నయన వెనక్కి తిరగలేదు. పొయ్యి వైపే చూస్తూ చెప్పింది.

"మారన్నకు."

లింగప్ప చెయ్యి పళ్ళెంలోనే ఉంది. టీవీఎస్ హ్యాండిల్ మీద పడిన ఇంకో చెయ్యి అతనికి కనపడింది. గొంతు తగ్గించి, అన్నా అని పిలిచి, ఏడాదిలో ఇంకెవరూ చెప్పని మాట చెప్పిన మనిషి చెయ్యి.

నువ్వు రేపు సంతకం పెట్టొద్దు లింగన్నా. నీతో నేనుండాను.